మామిడి గుజ్జు యంత్రశాలలో తొక్క, టెంకల దారి



చెరకు గానుగ ఆడుచుండగా చూడనివారు మీలో నుండరు. గానుగకు చెరకు అందించువాడొకడు, పెనము వద్ద నిలిచి పాకము చూచువాడొకడు. వీరిద్దరి నేర్పును గురించి ఊరంతయు చెప్పుకొనును. గానుగకు రెండవ ప్రక్క కూర్చుండి, నలిగి వచ్చు పిప్పిని ఎప్పటికప్పుడు లాగి అవతల వేయు కుర్రవానిని మాత్రము ఎవ్వరును తలపరు. వాడొక్క పావుగంట కునికినయెడల పిప్పి పేరుకొని గానుగ బిగిసిపోవును, రసము ఆగును, పెనము మాడును. వాడు లాగి ఎండవేసిన పిప్పియే మరునాడు ఆ పెనము క్రింద మంటయగును. ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది ఆ కుర్రవాని పనిని గురించియే. అయితే చెరకు గానుగలో గాక, మామిడిపండ్లనుండి గుజ్జు తీయు యంత్రశాలలో ఆ పని ఎట్లు జరుగవలయునో చెప్పెదను. అట్టి యంత్రములను నిలుపుటలోను, చెడినపుడు బాగుచేయుటలోను కొంతకాలము గడపినవాడను గనుక ఈ సాహసము చేయుచున్నాను.

యంత్రశాల లోపలి సంగతి మనకేల యని మీరడుగవచ్చును. చిత్తూరు సీమలో తోతాపురి తోటలు పెంచినవారిని ఈ ప్రశ్న అడుగనక్కరలేదు. కోస్తా జిల్లాలలో కలెక్టరు కాయ యని పిలువబడు ఈ రకము అక్కడ ముఖ్యముగ గుజ్జు ఫ్యాక్టరీలకే పోవును. 2025వ సంవత్సరపు పంటకు ధర పడిపోగా, కిలో ఒక్కింటికి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వము 4 రూపాయలు చొప్పున రైతునకు 12 రూపాయలు ముట్టవలెనని ప్రభుత్వము నిర్ణయింపవలసి వచ్చెను. ఆ వేసవిలో ఫ్యాక్టరీల వాకిళ్ళ ముందు ట్రాక్టర్లును లారీలును బారులు తీరి నిలిచిన సంగతి మీరు విని యుందురు. నిలువయున్న గుజ్జు అమ్ముడుపోకుండుట, ధరల తగవులు మొదలైన పెద్ద కారణములు అందులకు గలవు. వానిని విచారించుటకు నేను తగను. కాని ఏ సంవత్సరమునందైనను ఆ బారును మరింత పొడిగించు చిన్న కారణమొకటి నాకు బాగుగ తెలియును. అది లోపలి యంత్రము మాటిమాటికి ఆగుట. గుజ్జు తీయు భాగము చెడి ఆగుటకంటె, తొక్కయు టెంకయు బయటికి పోవు దారి పూడుకొని ఆగుటయే నేను ఎక్కువ పర్యాయములు చూచితిని. మాగిన పండు ఎవరికొరకును ఆగదు. లోపల రెండు గంటలు యంత్రము నిలిచినచో, వాకిట నున్న బండిలోని అడుగు వరుస పండ్లు చితికి కారుట మొదలిడును. ఆ నష్టము తూకములో ఎవరి లెక్కన పడునో మీకు తెలియనిది కాదు.

ఎంత సరకు బయటికి పోవలసియున్నదో ముందు లెక్క చూతము. 100 కిలోల తోతాపురి పండ్లు లోనికి పోయినచో, పక్వమును బట్టి, యంత్రమును బట్టి, 50 మొదలు 60 కిలోల వరకు గుజ్జు వచ్చును. తక్కినది తొక్క, టెంక, పీచు. గంటకు 5 టన్నుల పండ్లు నలుపు యంత్రశాల పెద్దదేమియు కాదు. అందులో నూటికి 40 పాళ్ళే మిగులుననుకొన్నను గంటకు 2 టన్నులు, అనగా నిమిషమునకు 33 కిలోలు. పాతిక కిలోలు పట్టు గంపతో ఎత్తవలసివచ్చినచో నిమిషమునకొక గంపకు మించి ఎత్తవలయును. దినమునకు 20 గంటలు పని జరిగిన 40 టన్నులు. ఇంతటి సరకును గూర్చి యంత్రము కొనునాడు ఒక్క మాటయైన అనుకొనక, గుజ్జు ఎంత నునుపుగ వచ్చునని మాత్రమే అడుగు యజమానులను నేనెరుగుదును.

పండ్లు మొదట తొట్టి నీటిలో మునిగి, పైనుండి చిమ్ము నీటిచే కడుగబడి, కుళ్ళినవి చేతితో ఏరివేయబడిన పిదప టెంక తీయు యంత్రమునకు చేరును. అది పరుండబెట్టిన పెద్ద పీపావంటిది. దాని గోడనిండ రంధ్రములు. నడుమనున్న ఇరుసునకు బ్రద్దలు గాని బిరుసైన కుంచెలు గాని బిగించియుందురు. ఇరుసు తిరుగగా పండు గోడకు రాపాడి, కండ రంధ్రములగుండ క్రిందికి జారును. టెంక అందులో పట్టదు గనుక పీపా చివరి నోటినుండి వెలువడును. తొక్కలో కొంత దానితోడనే వెడలును. క్రిందపడిన కండలో మిగిలిన తొక్కముక్కలును పీచును రెండవ యంత్రములో ఒక మిల్లీమీటరు దరిదాపు రంధ్రములుగల జల్లెడ వద్దను, మూడవదానిలో అంతకంటె సన్నని జల్లెడ వద్దను నిలిచిపోవును. ఆ తరువాత గుజ్జును కాచి, సూక్ష్మజీవులు చొరరాని సంచులలో నింపి, పీపాలకెత్తుదురు. గుజ్జు కథ అంతటితో చాలును.

కనుక వ్యర్థమనబడునది ఒక నోట రాదు. (వ్యర్థమను మాట నాకు రుచింపదు, వాడుకలో నున్నది గనుక వాడుచున్నాను.) ఏరివేసిన కుళ్ళుపండ్లొకచోట, తొక్కతో కలిసిన టెంకలొకచోట, తడి తొక్కయు పీచును రెండుచోట్ల వెలువడును. యంత్రశాలకు పటము గీయువారు సాధారణముగ చేయుపని యేమనగా, ఈ నాలుగు నోళ్ళక్రింద ఒకే కాలువ త్రవ్వి, అన్నిటిని కలిపి ఒకే గోతికి నడపుట. అది చూచుటకు చులకన. నష్టమంతయు అక్కడనే ఆరంభమగును.

పాతకాలపు హల్లరు మరలో ధాన్యము పోసినచో బియ్యమొకప్రక్క వచ్చెడిది. ఊకయు తవుడును నూకయు కలిసి రెండవప్రక్క వచ్చెడివి. ఆ తవుడు పశువుల కుడితికి తప్ప పెద్దగ పనికిరాలేదు. ఊకను ముందుగ వేరుచేసి, ఆ తరువాత బియ్యమునకు మెరుగుపెట్టు మరలు వచ్చిన పిదప, విడిగ వచ్చిన తవుడునుండి నూనె తీయుట పెద్ద పరిశ్రమయయ్యెను. తవుడు పాతదే, ఊకతో కలియకుండుటవలన దానికి వెల వచ్చినది. తొక్క, టెంకల విషయమును ఇట్టిదే.

తొక్కలో పెక్టిను అను బంకపదార్థము కలదు. జాము, జెల్లీ గట్టిపడుటకు అది కావలయును. తాజా తొక్కను వరిగడ్డితో కలిపి మితముగ పశువులకు పెట్టవచ్చును. గ్యాసు తొట్టిలోనికిని పనికివచ్చును. ఒకటి రెండు దినములు కుప్పపడి పులిసినదానిని పెట్టినచో పశువు కడుపు చెడును. టెంక సంగతి వేరు. దాని చిప్ప ఎండిన బాయిలరు క్రింద వంటచెరకు. లోపలి జీడిలో నూటికి 7 మొదలు 12 పాళ్ళ వరకు క్రొవ్వు కలదు. ఇది కోకో వెన్నను పోలిన క్రొవ్వు. ఐరోపా సమాజమువారు 2000వ సంవత్సరమున చాకొలెట్టును గురించి చేసిన శాసనములో, కోకో వెన్నతోపాటు కొద్దిగ కలుపుటకు అంగీకరించిన ఆరు క్రొవ్వులలో మామిడి జీడి క్రొవ్వు ఒకటి. మన యడవుల సాలవృక్షపు గింజ క్రొవ్వును అందులో నున్నది. అయితే టెంకను తీసిన వెంటనే ఎండబెట్టవలయును. తడి తొక్కతో కలిసి కుప్పలో మగ్గినయెడల కుప్ప వేడెక్కి, జీడికి బూజుపట్టి, క్రొవ్వు పుల్లబడి కొనువాడు తిరిగి చూడడు. అంటు మొక్కలకై టెంకలు నాటువారి తొందర ఇంతకంటె హెచ్చు. పండు వీడిన టెంక నెల దినములలో మొలకెత్తు శక్తిని చాలవరకు కోల్పోవును.

కావున విడదీయవలసినది యంత్రపు నోటి వద్దనే. టెంక తీయు యంత్రము నోటిముందు ఇనుపకమ్ముల పంజరమొకటి కొంచెము వాలుగ అమర్చి మెల్లగ త్రిప్పినచో, తొక్క కమ్ముల సందులనుండి క్రిందికి రాలును. టెంకలు దొర్లుచు చివరికి పోవును. సందు టెంక మందముకంటె తక్కువగ నుండవలయును. కల్లములో తూర్పారబట్టు రైతునకు ఇందులో క్రొత్త యేమియు లేదు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టవలయును గాని, వాన తడిసిన కుప్పను పట్టగలవాడెవడు? గోతిలో పడి కలిసిపోయినదానిని మరల విడదీయుట అంతటి పని.

ఇక దారి మాట. నీటితో త్రోయుట అన్నిటికంటె సులభమని చాలమంది తలంపు. యంత్రముల క్రింద సిమెంటు కాలువ కట్టి, పండ్లు కడిగిన నీటిని అందులో వదలినచో తొక్క తానే కొట్టుకొనిపోవును. మోటారు అక్కరలేదు, కరెంటు ఖర్చు లేదు. నేను పనిచేసిన యంత్రశాల ఒకదానిలో ఇట్లే కట్టిరి. దాని పేరు చెప్పను. మొదటి సంవత్సరము అందరును మెచ్చిరి. ఆ కాలువ పోయి కలిసినది దిగువ యూరి కుంట. జూన్ నెల ముగియక ముందే ఆ యూరి పెద్దలు నలుగురు వచ్చి, చచ్చిన చేపలను గోనెలో తెచ్చి వాకిట పోసిరి. విషము కలిపితిరని వారి యభియోగము. విషమేదియు కలుపలేదని లోపలివారి ప్రమాణము. ఇరుపక్షములవారును నిజమే పలికిరి.

జరిగిన దేమనగా, తొక్క నీటిలో నానినకొలది దానినంటియున్న తీపి నీటిలోనికి దిగును. కుంటలోని సూక్ష్మజీవులు ఆ తీపిని తినుచు నీటిలో కరగియున్న ప్రాణవాయువును వాడుకొనును. మన వేసవి వేడిమికి ఒక లీటరు నీటిలో ప్రాణవాయువు ఏడెనిమిది మిల్లీగ్రాములకు మించి కరగియుండదు. ఒక గ్రాము చక్కెర పూర్తిగ హరించుటకు ఒక గ్రామునకు కొంచెము పైగ ప్రాణవాయువు కావలయును. అనగా ఒక్క గ్రాము చక్కెర సుమారు 140 లీటర్ల నీటిలోని ప్రాణవాయువును హరించును. దినమునకు కొన్ని టన్నుల తొక్కను నానబెట్టి పంపిన నీరు కుంటను ఏమి చేయునో మీరే లెక్క కట్టుకొనుడు. చేపలు ఊపిరాడక చచ్చినవి. అదే తొక్క పొడిగ పోయియుండినచో ట్రాలీకెక్కి ఏ పశువుల దొడ్డికో చేరియుండెడిది. నీటితో ఒకసారి కలిసినదానిని నీటినుండి తీయుటకగు ఖర్చు, నీరు లేకుండ మోయుటకగు కరెంటుకంటె ఎన్నో రెట్లు. పెద్దలు వచ్చిన తరువాత ఆ కాలువ మూసిరి. ముందే వారినడిగి కట్టియుండినచో బాగుండెడిది.

నీరు లేక మోయుటకు రెండు సాధనములు ముఖ్యము. ఒకటి బెల్టు కన్వేయరు. మీరు రైసుమిల్లులలోను, రాతి క్వారీలలోను చూచియేయుందురు. రెండవది స్క్రూ కన్వేయరు. మరమేకు చుట్లను తలచికొనుడు. అట్టి చుట్లుగల పొడవైన మరను దోనెలో పరుండబెట్టి త్రిప్పినచో, దోనెలోని సరకు మెల్లగ ముందునకు జరుగును. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమువాడగు ఆర్కిమీడీసు పేర పిలువబడు నీరెత్తు మర దీని పూర్వజమే. మూతవేసి నడపవచ్చును, ఈగలు ముసరవు, చోటు తక్కువ పట్టును. అందువలన దీనిపై అందరికిని మోజు.

కాని మామిడి టెంకకు ఇది మంచి బండి కాదని నా యనుభవము. తోతాపురి టెంక సుమారు నాలుగంగుళముల పొడవు, గట్టి చిప్ప. చుట్టునకును దోనె గోడకును నడుమ అది అడ్డుపడినచో మర బిగిసి మోటారు కాలును, లేదా ఇరుసు వంగును. దోనెలో టెంక పొడవునకు నాలుగైదు రెట్లు ఖాళీ లేనిదే టెంకలు తీరికగ నడువవు. అంత వెడల్పు మరకు ధర ఎవరిచ్చెదరు? టెంకలకు అడ్డుపట్టీలుగల బెల్టు మేలు. తడి తొక్కకు, పీచునకు మర తగును గాని, అందులోను ఒక చిక్కు కలదు. పీచు ఇరుసునకు చుట్టుకొని, రాట్నపు కదురునకు నూలు చుట్టినట్లు నానాటికి లావెక్కును. చివరకు దోనె నిండ ఇరుసే యుండును. ఇందులకై ఇరుసులేక వట్టి చుట్టుమాత్రమేయున్న మరలు వచ్చినవి. పీచుగల సరకునకు అవియే తగినవి.

ఏటవాలు విషయములో మోసపోకుడు. నేలబారున చక్కగ మోయు మర, 20 డిగ్రీల ఏటవాలున సుమారు మూడవవంతు మొదలు సగమువరకు తన శక్తిని కోల్పోవును. చోటు మిగులునని నిటారుగ లేపినవారు తరువాత పశ్చాత్తాపపడుదురు. యంత్రపు నోటినుండి మరలోనికి సరకు జారు గరాటు కూడ క్రిందికి పోనుపోను వెడల్పుగ నుండవలయును. ధాన్యపు గరాటు వలె క్రింద ఇరుకుగ చేసినచో తడి తొక్క వంతెన కట్టినట్లు అడ్డముగ నిలిచిపోవును. దోనె అడుగున రసము కారుటకు చిన్న రంధ్రములు, ఆ రసమును పట్టుటకు వేరుగ తొట్టియు కావలయును. తొక్క మోయు దోనె ఎన్నడును మూతలేని గుజ్జు తొట్టిమీదుగ పోరాదు. ఇది చెప్పనవసరములేని మాట. అయినను అట్లు కట్టినచోటు చూచితిని గనుక చెప్పితిని.

నడుపు వరుస కూడ కలదు. కాలువకు నీరు వదలునపుడు దిగువ తూము తెరువక ఎగువ తూము తెరచినచో గట్టు తెగును గదా. అట్లే ముందుగ చివరి కన్వేయరును, పిదప దాని వెనుకదానిని, అన్నిటికిని కడపట టెంక తీయు యంత్రమును నడపవలయును. ఆపునపుడు దీనికి తలక్రిందులు. నడుమ ఏ కన్వేయరు ఆగినను దానికి వెనుకనున్నవన్నియు తమంతట తామే ఆగునట్లు కరెంటు తీగలను అమర్చుట సులభము. ఆ అమరికకు కొద్ది సొమ్మగును. అది లేనిచోట ఒక మనిషిని కర్రయిచ్చి నిలుపుదురు.

ఆ కర్రను గురించి ఒకమాట చెప్పవలసియున్నది. చెప్పుట నాకు సులభము కాదు. పేరు చెప్పనవసరములేని మరియొక యంత్రశాలలో తొక్క మోయు మరను నిటారుగ లేపిరి. అది దినమునకు పదిసార్లు పూడుకొనుచుండెను. పూడినపుడెల్ల మూత విప్పి, కర్రతో పొడిచి, మరల మూత బిగించవలయును. పదిసార్లు విప్పి బిగించుటకు ఎవరికి ఓపిక? మూడవ దినమునుండి మూత గోడకానియే యుండెను. రాత్రి వంతున పండ్లేరు స్త్రీని ఒకతెను కర్ర పట్టుకొని నిలువుమనిరి. పొడుచుచుండగా కొంగు మరలో చిక్కెను; కొంగుతో చేయి పోయెను. ఆపు మీట ముప్పది అడుగుల దూరమున గోడకు కలదు. ఆమె కేక యంత్రముల రొదలో వినబడి, ఒకడు పరుగెత్తి మీట నొక్కునప్పటికి ముంజేయి నలిగిపోయినది. ప్రాణము దక్కినది; చేయి దక్కలేదు. పనివారి యజాగ్రత్తచే మూత తీసియుండెనని కాగితములో వ్రాసికొనిరి. మూత ఊరకే తీయబడలేదు. పదిసార్లు మూత తీయించినది ఆ ఏటవాలు. పటము ముందుంచినపుడు ఆ ఏటవాలు చాలునని తలయూచినవారిలో నేనొకడను. పొలములో చోటు కొఱత లేదు. పది గజములు దూరము జరిపి వాలు తగ్గింపుడని ఒక్కమాట అనియుండవచ్చును. అనలేదు.

అది మొదలు నేను చూచు ప్రతి కన్వేయరునకు పొడవునా ఒక తాడు అడుగుదును. కన్వేయరు ప్రక్కగ, చేతికందు ఎత్తున, ఈ చివరనుండి ఆ చివరవరకు బిగించిన తాడు. ఎక్కడనుండి లాగినను, దానిమీద పడినను మర ఆగును. మూత తీసినచో మోటారు నడువకుండ చేయు మీటయు అట్టిదే. యంత్రము ధరలో ఇవి లెక్కకు రానంత స్వల్పము.

ఇప్పుడు అనేక గ్రామములలో రైతు ఉత్పత్తిదారుల సంఘములు చిన్న గుజ్జు యంత్రములు పెట్టుకొన యోచించుచున్నవి. మీ సంఘము అందులో చేరినచో, యంత్రము అమ్మువాడు మీకు మెరయు పీపాలను, నునుపైన గుజ్జును చూపును. మీరు దాని వెనుకకు పోయి నిలువుడు. తొక్క ఏ నోట వచ్చును, టెంక ఏ నోట వచ్చును, రెండును కలిసి వచ్చునా యని యడుగుడు. మీ తోటలోని బాగుగ మాగిన పండ్లే ఒక టన్ను తీసికొనిపోయి మీ కన్నులయెదుట ఆడించుమనుడు. మిగుల మాగినదాని పీచే యంత్రమును పరీక్షించును. దోనె మూత పనిముట్టు లేక విప్పి, కడిగి, మరల బిగించుటకెంత సేపు పట్టునో చూడుడు. రాత్రి రెండు గంటలకు నిండిన ట్రాలీని లాగుకొనిపోవు ట్రాక్టరు ఎవరిది, అది పోయి రెండవది వచ్చునంతవరకు తొక్క ఎక్కడ పడును, టెంకలు ఆరబోయుటకు సిమెంటు కల్లమెంత, అది వాన వచ్చునపుడు కప్పుకొనునా యని ముందే తేల్చుకొనుడు. జూన్ నెలలో వాన తప్పక వచ్చును.

చివరగ, యంత్రము నిలిపిననాడు కన్వేయరును నిండు సరకుతో నడిపించి, మీలో నొకరు నడుమ నిలిచి ఆ తాడు లాగుడు. మర ఎంతలో నిలిచెనో చేతి గడియారముతో చూచికొని, ఆ తరువాతనే మిగిలిన సొమ్ము చెల్లింపుడు.